రుజువు దొరికిన మనిషి

ఆ అమ్మాయి నన్ను మొదటిసారి ఆంటీ అని పిలిచినప్పుడు నేను కట్ట మీద తవ్విన చిన్న గుంటలోకి వంగి పరీక్షకి మట్టి తీస్తున్నాను. తలెత్తి చూస్తే తెల్ల హెల్మెట్టు, నారింజ రంగు జాకెట్టు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, వాటన్నిటి మధ్య మన పిల్ల మొహం.

"ఆంటీ, మీరు తెలుగు కదా? వాటర్ ట్రక్ ఆయన చెప్పాడు. నేను మా మమ్మీతో ఫోన్‌లో మాట్లాడేది, మీరు మాట్లాడేది సేమ్ సౌండ్ అంట."

నాకు నవ్వొచ్చింది. ఆ సైటులో చేరాక ఎవరైనా నన్ను నవ్వించడం అదే మొదలు.

న్యూజెర్సీ వాయవ్యపు కొండల్లో ఒక ఊరి మంచినీళ్ల కోసం రిజర్వాయరు కడుతున్నారు. నేను డిజైన్ కంపెనీ తరఫున కట్ట పని చూసే ఇంజనీరుని. పార్సిప్పనీ అపార్ట్‌మెంట్ నుంచి తెల్లారకుండా బయల్దేరి, గంట పైన డ్రైవ్ చేసి చేరుకునేదాన్ని. కాంక్రీటు డ్యాము కాదది, మట్టికట్ట. మధ్యలో నీళ్లు దిగనివ్వని బంకమట్టి నిలువునా గోడలా లేస్తుంది. మన ఇరిగేషన్ వాళ్లు దాన్ని హార్టింగ్ అంటారు. మట్టి పొరలు పొరలుగా పరిచి, సరిపడా తడిపి, మేకుల రోలరుతో తొక్కించి, ఆ పొర బాగుందని నేను చెప్పాకే పైపొర వేయాలి. బాగాలేదంటే తవ్వి పారేసి మళ్లీ వేయాలి. కాబట్టి నన్ను చూసి సంతోషించే వాళ్లు సైటులో ఎవరూ లేరు.

కానీ ఆ అమ్మాయి వచ్చాక నా మీది కోపమంతా ఆమె మీదికి మళ్లింది. నేను ఒక పొరనే ఆపగలను. ఆమె మొత్తం పనిని ఆపగలదు.

బంకమట్టి తవ్వే చోటు వాగు పక్కన ఉంది. ఆ పైనున్న ఇసుక గట్టు మీదికి వేసవి మొదట్లో ఒక జాతి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కుతాయి. మెడా కాళ్లూ నారింజ రంగు, చెక్క మీద చెక్కినట్టు గీతలున్న డిప్ప. అవి అరుదైపోతున్నాయని ప్రభుత్వం వాటిని కాపాడుతోంది. రిజర్వాయరుకి అనుమతి ఇస్తూ పెట్టిన షరతు ఏమిటంటే, తవ్వే చోటు చుట్టూ నల్లగుడ్డ కంచె వేయాలి, రోజూ ఇంజన్లు స్టార్ట్ చేయకముందే ఒక జీవశాస్త్రవేత్త ఆ చోటంతా నడిచి చూడాలి, తాబేలు కనబడితే మెషీన్లు ఆగాలి, దాన్ని ఆమె తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఊరి వాళ్లు పెట్టుకున్న పర్యావరణ కంపెనీ ఆ పనికి ఈమెని పంపింది.

ఈ దేశంలోనే, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో పుట్టింది. నాన్న కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేస్తాడట. "మెడ్ స్కూల్ వెళ్లలేదని మమ్మీకి ఇంకా కోపం. మా కజిన్స్ అందరూ డాక్టర్లు ఆంటీ, నేను టర్టిల్ డాక్టర్" అనేది. మధ్యాహ్నం నా కార్‌లో కూర్చుని నా బాక్సులోంచి పప్పన్నం తినేది. తెలుగు మాటలు అడిగి నేర్చుకునేది. తాబేలు ఆడదో మగదో డిప్ప అడుగు చూసి ఎలా చెప్పాలో నాకు నేర్పింది. అరిచేతిలో పెట్టుకుని తాబేలుతో మాట్లాడేది, చంటిపిల్లలతో మాట్లాడినట్టు.

సైటుని నడిపేది కాంట్రాక్టరు మనిషి, సూపరింటెండెంట్. అరవై దాటినవాడు. పెద్ద పొట్ట, ఎర్రటి మెడ, గట్టిగా అరవనక్కర్లేని గొంతు. అతను ఎవరినీ తిట్టగా నేను వినలేదు. నవ్వుతూనే చేసేవాడు ఏం చేసినా. ఆమె కంచె పక్కన సగం దూరం నడిచేసరికి అన్ని మెషీన్ల ఇంజన్లూ ఒక్కసారి స్టార్ట్ చేయించేవాడు. ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగితే, కాఫీ కప్పు పైకెత్తి గుడ్ మార్నింగ్ చెప్పేవాడు. వారానికోసారి జరిగే మీటింగులో ఆమె కుర్చీ ముందు, తాబేలు సూపు అని చీటీ అంటించిన సూపు డబ్బా పెట్టించేవాడు. గదిలో అందరూ నవ్వేవాళ్లు. మా మేనేజర్ కూడా. మా మేనేజర్ తెలుగాయనే, గుంటూరు వైపు మనిషి, ఈ దేశం వచ్చి చాలా ఏళ్లయింది. ఆయన నవ్వు ముందు సూపరింటెండెంట్ మొహం వైపు చూసి, తర్వాత పెదాల మీదికి వచ్చేది.

ఆ సైటులో ఆమెతో మనిషిలా మాట్లాడినవాడు నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ ఒక్కడే. యాభై దాటినవాడు, ఏళ్ల తరబడి మెషీన్ల మోతలో పనిచేసి ఒక చెవి సరిగా వినబడదు. మట్టిరోడ్డు మీద దుమ్ము లేవకుండా నీళ్లు కొట్టడం, నేను చెప్పినప్పుడు కట్ట మీద పొర తడపడం అతని పని. ట్యాంకరు నిండా నీళ్లతో రోజంతా అదే దారిలో పైకీ కిందికీ తిరుగుతాడు కాబట్టి, తాబేళ్లు ముందుగా అతని కళ్లకే కనబడేవి.

రూలు ప్రకారం అతను బండి ఆపి, వాకీటాకీ రేడియోలో పిలిచి, ఆమె వచ్చేదాకా కూర్చోవాలి. అలా కూర్చుంటే వెనక మట్టి లారీలు బారులు తీరతాయి. రేడియోలో సూపరింటెండెంట్ గొంతు వస్తుంది. "ఏంటి, రాణీగారు రోడ్డు దాటుతున్నారా?" రెండు మూడు సార్లు అలా ఆగాడు. తర్వాత ఒకసారి తనే దిగి, తాబేలుని రెండు చేతులా ఎత్తి, అది ఎటు మొహం పెట్టి నడుస్తోందో అటువైపే కంచె అవతల దింపి, మళ్లీ బండెక్కాడు. ఆ సంగతి దాచలేదు. మధ్యాహ్నం మా ఇద్దరి దగ్గరికీ వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని చెప్పాడు.

"బావుందా అది?" అని అడిగింది ఆమె.

"బాగానే ఉంది. నా మీద మూత్రం పోసింది."

ఆమె పకపకా నవ్వింది. "థాంక్యూ. నిజంగా. అలాగే చేస్తూ ఉండండి. ఎవరి కంటా పడకండి అంతే" అంది ఇంగ్లీషులో. అప్పుడు నేను ఆమె పక్కనే, మట్టి డబ్బా ఒళ్లో పెట్టుకుని ఉన్నాను. ఒక్కొక్క మాటా విన్నాను.

జూన్‌లో వానలు పట్టుకున్నాయి. బంకమట్టి తవ్విన గుంట చెరువులా నిండింది. తడిసి ముద్దయిన మట్టి కట్టకి పనికిరాదు, తొక్కిస్తే రోలరు కింద జెల్లీలా ఊగుతుంది. నేను పొరలు వద్దన్నాను. గుంటలో నీళ్లు నెమ్మదిగా తోడి, మడ్డి పేరుకునే తొట్టెలోకి వదిలి, తేటనీరు మాత్రమే వాగులోకి పోనివ్వాలి. దానికి రోజులు పడుతుంది. ఒకరోజు పొద్దున నేను వచ్చేసరికి గుంట ఖాళీగా ఉంది. వాగు చిక్కటి టీ రంగులో పారుతోంది.

ఆ అమ్మాయి కింద వంతెన దగ్గర వాగులోకి దిగి నిలబడి ఉంది. రాళ్లు పైకి తీసి చూస్తోంది. రాళ్ల అడుగున అతుక్కుని బతికే పురుగులు, చేపపిల్లలు తినే తిండి, అంతా సన్నటి ఒండ్రు కింద కప్పబడిపోయింది. నన్ను చూసి ఒక చిన్న చేపని అరచేతిలో పెట్టి చూపించింది. మొప్పలు తెరిచి ఉన్నాయి, లోపలంతా మట్టి.

పరుగెత్తుకుంటూ పైకి వెళ్లింది. పంపు గొట్టం చుట్ట చుట్టి లారీ మీద ఉంది, కడిగి కూడా ఉంది. సూపరింటెండెంట్ ఆకాశం వైపు వేలెత్తి చూపించాడు. "వాన" అన్నాడు.

ఆమె కంప్లయింట్ రాసింది. నేను మా మేనేజర్‌కి ఫోన్ చేసి, బంకమట్టి గుంటలో నీళ్లు తెల్లారేసరికి ఇంకిపోవు, ఇంకిపోతే ఆ మట్టితో మనం కట్ట కట్టకూడదు, తోడి వాగులోకి వదిలారు అని చెప్పాను.

"మీరు చూశారా అండీ?"

"చూడలేదు. గుంట చూశాను."

"మీది కట్ట. కట్ట చూసుకోండి. వాగు సంగతి ఆ పిల్లది."

ఆ పిల్ల సంగతి కూడా తేలింది. కాంట్రాక్టరు వకీలు దగ్గర్నుంచి ఆమె కంపెనీకి ఫోన్ వెళ్లింది. రుజువు లేని ఆరోపణ ఇంకొకటి చేస్తే ఆమెని తీసేసి వేరేవాళ్లని పంపుతామని ఆమె బాస్ చెప్పాడు. నా కార్‌లో కూర్చుని నాకు చెప్పింది. ఆ రోజు పప్పన్నం సగమే తిన్నది.

తర్వాత వారం ఎండ కాసింది. పని మళ్లీ జోరందుకుంది. వానలకి పోయిన రోజులు పూడ్చుకోవాలి, చలికాలం వచ్చి మట్టి గడ్డకట్టేలోపు హార్టింగు అలుగు మట్టం దాకా లేపాలి. మధ్యాహ్నం తిండి వేళకి ఆ అమ్మాయి తన పికప్ ట్రక్కు దగ్గరికి వెళ్లింది. నేను కట్ట మీంచి చూస్తున్నాను. ట్రక్కు ముందు ఆగిపోయింది. కదల్లేదు. చుట్టూ లారీల నీడలో కూర్చుని తింటున్నవాళ్లు తినడం ఆపి చూస్తున్నారు.

నేను దిగి వెళ్లాను. ట్రక్కు బానెట్ మీద తాబేలు వెల్లకిలా ఉంది. టైరు ఎక్కిన డిప్ప రెండు చెక్కలై ఉంది. ఆడది. గుడ్లు బయటికొచ్చి, ఎండకి కాలిన ఇనుము మీద, కోడిగుడ్డు పెనం మీద పడ్డట్టు తెల్లగా ఉడుకుతున్నాయి. దాని వెనక కాలు ఇంకా గాల్లో ఈదుతోంది.

ఎవరో నవ్వారు. ఒకరు నవ్వాక మిగతావాళ్లూ నవ్వారు.

సూపరింటెండెంట్ తన ఆఫీస్ ట్రెయిలర్ మెట్లు దిగి వచ్చాడు. టోపీ వెనక్కి నెట్టి చూశాడు. "అయ్యో" అన్నాడు. "అదే ఎక్కి ఉంటుంది. వెచ్చగా ఉందని."

ఆమె చేత్తో ఆ గుడ్లు తీయబోయింది. వేళ్లు కాలాయి. కాలినా తీసింది. తర్వాత తాబేలుని వాగు ఒడ్డుకి తీసుకెళ్లి, ఒక రాయి ఎత్తి, దాని తల మీద కొట్టింది. ఒక దెబ్బకి పోలేదు. నేను మొహం తిప్పుకున్నాను. మళ్లీ కొట్టిన చప్పుడు విన్నాను.

ఆ సాయంత్రం ఆమెని డ్రైవ్ చేయనివ్వలేదు, నాతో పార్సిప్పనీ తీసుకొచ్చాను. రసం పెట్టాను. తినలేదు. మా ఆయన ఆఫీస్ కాల్ ముగించుకుని వచ్చి, "ఏమైందమ్మా?" అని అడిగితే, "నథింగ్ అంకుల్" అంది. సోఫాలో ముడుచుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. వేళ్ల చివర్లు బొబ్బలెక్కాయి. నేను చేతులు పట్టుకుని మందు రాస్తుంటే అడిగింది.

"ఆంటీ, వాళ్లందరికీ తెలుసు కదా ఎవరు చేశారో?"

"తెలుసు."

"ఒక్కరూ చెప్పరు కదా?"

"చెప్పరు."

"ఓకే" అంది. అంతే. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

మర్నాటి నుంచి నా కార్‌లో తినడం మానేసింది. రేడియో నడుముకి, కెమెరా మెడకి. ఇంజన్లు ఒక్కసారిగా మోగినా ఉలిక్కిపడేది కాదు. తిరిగి చూడకుండా నడిచేది. సూపు డబ్బా పెడితే, దాన్ని తెరిచి, అందరి ముందూ చెంచాతో చల్లగానే తినేసింది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నాకు ముచ్చటేసింది. అమ్మయ్య, పిల్ల గట్టిపడింది అనుకున్నాను.

ఆ నెలాఖరున మీటింగు టేబుల్ మీద ఫొటోలు పరిచింది. మొదటి ఫొటోలో నీళ్ల ట్యాంకరు రోడ్డు మధ్య ఆగి ఉంది, తలుపు తెరిచి ఉంది. రెండోదాంట్లో డ్రైవర్ వంగి తాబేలుని ఎత్తుతున్నాడు. మూడోదాంట్లో కంచె మీదుగా చేతులు చాపి దింపుతున్నాడు. మొహం స్పష్టంగా ఉంది. ఇసుక గట్టు మీంచి, చెట్ల చాటున కూర్చుని తీసినవి.

"అనుమతి లేకుండా రక్షిత జీవిని పట్టుకోవడం" అంది. గొంతులో ఏ మార్పూ లేదు. "ఒకసారి కాదు, అలవాటుగా. స్టేట్ గవర్నమెంట్‌కి రిపోర్ట్ ఇచ్చాను."

సూపరింటెండెంట్ ఫొటోలు ఒక్కొక్కటే దగ్గరికి లాక్కుని చూశాడు. అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇతనే అయ్యుంటాడు" అన్నాడు. "ఆ బానెట్ మీద పెట్టిందీ ఇతనే. నాకు మొదటినుంచీ అనుమానం."

ఆమె అవుననలేదు. కాదనలేదు. పెన్ను మూత పెట్టింది.

మీటింగయ్యాక ఆమె ట్రక్కు దగ్గర పట్టుకున్నాను.

"ఏం చేశావమ్మా? ఆయన కాపాడాడు వాటిని. నువ్వే చెప్పావు కదా అలాగే చేయమని? నా ముందే చెప్పావు."

"ఐ నో ఆంటీ."

"మరి?"

"వాగులో మడ్ వదిలింది ప్రూవ్ చేయలేను. టర్టిల్‌ని చంపింది ప్రూవ్ చేయలేను. ఇది చేయగలను. ఇప్పుడు వాళ్లు నన్ను చూసి భయపడతారు. భయపడితేనే ఆగుతారు."

"ఆయనకి ఉద్యోగం పోతుంది."

తలుపు తీసి ఎక్కి కూర్చుంది. "ఆయన చూశాడు కదా ఆంటీ, బానెట్ మీద ఎవరు పెట్టారో? ఆయన కూడా చెప్పలేదు కదా?"

చూశాడో లేదో నాకు తెలియదు. తెలుసుకుందామని ట్యాంకరు కోసం వెతికితే, అప్పటికే వేరేవాడు నడుపుతున్నాడు. అతన్ని గేటు దగ్గర దింపి, సామాను అట్టపెట్టెలో పెట్టి చేతికిచ్చి పంపేశారట.

నేను మా మేనేజర్‌తో చెప్పాను, జరిగింది జరిగినట్టు. ఆయన నెమ్మదిగా, "మీ వీసా ఎక్స్‌టెన్షన్ ఈ వేసవిలోనే కదండీ?" అన్నాడు.

"అవును."

"ఫైల్ నా టేబుల్ మీదే ఉంది. ఇంకా సంతకం పెట్టలేదు. బిజీ."

ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, "ఆయనెవరు నీకు? చుట్టమా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగాడు. ఇద్దరిలో నా వీసా మీదే ఇల్లు నిలబడి ఉన్న కాలం అది. ఆయన కాంట్రాక్టు ఎప్పుడు తెగుతుందో తెలియదు.

అయినా చెప్పాను. స్టేట్ వాళ్లు విచారణకి ట్రెయిలర్‌కి వచ్చిన రోజు, పిలవకుండానే లోపలికి వెళ్లి నిలబడ్డాను. ఇద్దరు ఆఫీసర్లు, సూపరింటెండెంట్, మా మేనేజర్, ఆ అమ్మాయి. ఆ డ్రైవర్‌ని అలా చేయమని ఈమే చెప్పిందని, థాంక్యూ కూడా చెప్పిందని, నేను పక్కనే ఉండి విన్నానని చెప్పాను.

ఆఫీసర్లలో ఒకావిడ ఆ అమ్మాయి వైపు తిరిగింది. "అలా అన్నారా?"

ఆమె నా వైపు చూసింది. జాలిగా చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, ఈ దేశంలో పుట్టిన వాళ్లకే వచ్చే ఆ తేలికైన ఇంగ్లీషులో చెప్పింది.

"నేను అన్నది, ఎవరి కంటైనా పడితే నాకు చెప్పండి అని. ఆవిడంటే నాకు చాలా గౌరవం. మా అమ్మలాంటిది. కానీ ఇంగ్లీష్ ఆవిడకి రెండో భాష. వేగంగా మాట్లాడితే కొన్ని మాటలు అందవు. మా ఇంట్లో మా అమ్మతోనూ ఇదే ఇబ్బంది."

ఆఫీసర్ నా వైపు తిరిగి, పిల్లలతో మాట్లాడినట్టు ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. "మీకు. ఇప్పుడు. నేను అనేది. అర్థమవుతోందా?"

నేను ఇక్కడి యూనివర్సిటీలో చదివాను. ఆ కట్ట గురించి నేను ఇంగ్లీషులో రాసిన రిపోర్టుల మీదే ఆ స్టేట్ అనుమతులు ఇచ్చింది. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. ఉక్రోషంతో మాట తడబడింది. ఒక వాక్యం మధ్యలో ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆగిపోయాను. వాళ్లందరూ ఓపిగ్గా ఎదురుచూశారు. సూపరింటెండెంట్ లేచి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

మా మేనేజర్ కార్ దాకా వచ్చాడు. "నేను చెప్పానా లేదా?" అన్నాడు తెలుగులో. "ఇప్పుడు పరువు పోయింది ఎవరికి?"

నన్ను సైటు నుంచి తీసి ఆఫీస్‌లో కూర్చోబెట్టారు, వేరేవాళ్లు పంపిన మట్టి పరీక్షల లెక్కలు సరిచూసే పనికి. వీసా కాగితాల మీద సంతకం మాత్రం పెట్టాడు మేనేజర్. ఫైల్ తనే తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, అందరూ వినేలా, "నేను మనసులో ఏం పెట్టుకోనండీ" అన్నాడు. నేను థాంక్యూ చెప్పాను. చెప్పక తప్పలేదు.

సైటు కబుర్లు ఆఫీస్‌కి వచ్చేవి. ఆ అమ్మాయికి ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడు ఆమె నడక పూర్తయ్యేదాకా ఒక్క ఇంజనూ మోగదట. సూపరింటెండెంట్ ఆమెని పేరు పెట్టి, ముందు మిస్ అని చేర్చి పిలుస్తున్నాడట. ఆగస్టులో మళ్లీ పెద్ద వాన పడింది. వాగు మళ్లీ టీ రంగుకి తిరిగింది. ఆమె వంతెన మీద నిలబడి చూసి, ఏమీ రాయకుండా వెళ్లిపోయిందట. నా చోట్లోకి వెళ్లిన కుర్రాడు ఎందుకని అడిగితే, "ప్రూఫ్ లేదు" అందట. ఆ నెలలోనే ఒక కూలీని కంచె దాటి నడిచాడని ఫొటో తీసి పనిలోంచి తీయించేసింది. సూపరింటెండెంట్ మర్నాడే ఇంకొకణ్ని పెట్టుకున్నాడట. ఒకరికొకరు అలవాటైపోయారు. ఆమెకి అప్పుడప్పుడూ ఒక మనిషి కావాలి, అతనికి తన పంపు కావాలి.

డ్రైవర్ మీద స్టేట్ కేసు నడిచింది. అక్కడి ఊరి పేపరు వేసిన వార్తలో అతను తాబేలుని పట్టుకున్న ఫొటో ఉంది, దాని పక్కన ఆ రోజు ఎవరో ఫోన్‌తో తీసిన బానెట్ మీది తాబేలు ఫొటో ఉంది. రెండిటి కిందా ఒకే వాక్యం. చదివినవాళ్లెవరైనా ఆ చేతులే ఆ పని చేశాయనుకుంటారు. ఆ చుట్టుపక్కల ఏ కాంట్రాక్టరూ అతన్ని మళ్లీ బండెక్కించలేదు.

అతన్ని చూడటానికి వెళ్లాలని ఒక ఆదివారం ఒక్కదాన్నే బయల్దేరాను. ఇల్లు ఎక్కడో పాత సైటు మెకానిక్ చెప్పాడు. కొండ వాలులో చిన్న చెక్క ఇల్లు. రోడ్డు పక్కన పోస్టు డబ్బాని ఎవరో కర్రతో కొట్టి సొట్టలు పెట్టారు, దాని మీద ఆకుపచ్చ రంగుతో తాబేలు బొమ్మ గీశారు. చెరిపే ప్రయత్నం చేసినట్టుంది, రంగు సగం పోయి, బొమ్మ మాత్రం తెలుస్తోంది.

గరాజ్ తలుపు తెరిచి ఉంది. అతను లోపల స్టూలు మీద కూర్చుని గడ్డి కోసే యంత్రం బ్లేడు సాన పెడుతున్నాడు. నన్ను చూసి లేవలేదు.

నేను చెప్పాను. విచారణలో మీ తరఫున మాట్లాడానని, వినలేదని, నన్ను సైటు నుంచి తీసేశారని. ఆ మాటలు కార్‌లో వస్తూ చాలాసార్లు నాలో నేను అనుకున్నవే. అతను బ్లేడు పక్కన పెట్టి, వినబడే చెవి నా వైపు తిప్పి విన్నాడు.

"మీరు వచ్చి చెప్పారా? వాళ్లతో?"

"చెప్పాను."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు."

తల ఊపాడు. "నాకు తెలీదు. నాకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఇప్పుడు థాంక్స్ చెబుతాడనుకున్నాను. అందుకోసమే అంతదూరం వచ్చానని అప్పుడు తెలిసింది నాకు.

"ఆ అమ్మాయి మీ కార్‌లో కూర్చుని తినేది" అన్నాడు. "మీ భాషలో మాట్లాడుకునేవాళ్లు. నేను చూసి సంతోషపడేవాణ్ని. ఇద్దర్నీ కలిపింది నేనే."

"ఆమె చేసినదానికి నేను..."

"మీరు ఏం చేశారని నేననడం లేదు. మీలో ఒకరు నా మీద చెప్పారు. ఒకరు నా వైపు చెప్పారు. నా ఇంటికి వచ్చి నా డబ్బా మీద బొమ్మ గీసిన పిల్లలకి ఆ తేడా తెలియదు. నాకూ ఇప్పుడు అంత తేడా కనబడటం లేదు."

"బానెట్ మీద ఎవరు పెట్టారో మీరు చూశారా?" అని అడిగాను. అడగకూడదని తెలుసు. అయినా అడిగాను.

అతను నా మొహంలోకి చూశాడు.

"దానికోసం వచ్చారా?" అన్నాడు.

"కాదు."

"నేను ఆ రోజు సైటులో లేను. మా ఆవిడని హాస్పిటల్‌కి తీసుకెళ్లాను. ఎవరైనా అడిగి ఉంటే చెప్పేవాణ్ని. మీరు కూడా అడగలేదు, ఇప్పటిదాకా."

లేచి నిలబడ్డాడు. గోడకున్న బటన్ దగ్గరికి వెళ్లి, "మళ్లీ రాకండి, ప్లీజ్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. బటన్ నొక్కాడు.

ఆ తలుపు పాతది, మోటారు నెమ్మది. నేను బయట, అతను లోపల, ఒకరికొకరు ఎదురుగా నిలబడి ఉండగా అది కిరకిరమంటూ దిగడం మొదలుపెట్టింది. అతను పక్కకి తప్పుకోలేదు. ముందు అతని టోపీ కనబడకుండా పోయింది, తర్వాత మొహం, తర్వాత ఒట్టి చేతులు. చివరికి బూట్లు మాత్రం మిగిలాయి. సిమెంటుకి జానెడు ఎత్తులో తలుపు ఏదో అడ్డుపడ్డట్టు ఆగిపోయింది. అతను వంగి, లోపలి నుంచి రెండు చేతులతో దాన్ని కిందికి లాగేశాడు.